కార్బురేటర్ నా చేతిలోంచి లాక్కున్న చాచాకు

నల్గొండలో దేవరకొండ రోడ్డు మీద షెడ్డు నడిపే చాచా ఫోనులో ఇలాంటివి చదవరు. చదివి వినిపిస్తానని ఆయన మనవడు మాటిచ్చాడు, ఆ ధైర్యంతో రాస్తున్నాను.

నాన్న పోయాక ఆయన అంబాసిడర్, 1984 నాటి మార్క్ 4, పదకొండేళ్లు చింతచెట్టు కిందే ఉండిపోయింది. మొదట చూపించిన చోట తూకానికి అమ్మేయమన్నారు. చాచా బానెట్ ఎత్తి, ఎలుకల గూడు తీసి పక్కన పెట్టి, "ఇనుము బతికే ఉంది బాబూ" అన్నారు. 2014లోనే ఈ బండ్ల తయారీ ఆగిపోయింది కాబట్టి, ఉన్న సామానునే కాపాడుకోవాలని కూడా చెప్పారు.

దాంతో నాకు హుషారు ఎక్కువైంది. అక్క ఆవకాయకు దాచుకున్న తొట్టిలో పది లీటర్ల నీళ్లు పోసి, తుప్పు వదలడానికి కిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, విప్పిన సామానంతా ఒక్కసారే ముంచబోయాను. ఇంజనుకు పెట్రోలు, గాలి కలిపి అందించే కార్బురేటర్ నీళ్లను తాకేలోపే చాచా లాక్కున్నారు. అది ఇనుము కాదు, పులుపు తగిలితే ఆ లోహం కరుగుతుందట. వాల్వ్ స్ప్రింగులనూ పక్కకు తీయించారు. గట్టి ఉక్కు ఆమ్లంలో నానితే పెళుసెక్కి, చూడటానికి బాగానే ఉండి నడకలో విరుగుతుందట. వాటికి కిరోసిన్, పాత పళ్ల బ్రష్షు చాలన్నారు.

మిగతా బోల్టులు, బ్రాకెట్లు రాత్రంతా నానాయి. పొద్దున ఒక బోల్టు తీసి తీగ బ్రష్షుతో రుద్దితే మర చుట్ల మధ్య నుంచి బూడిదరంగు ఉక్కు బయటపడింది. కడిగి గట్టు మీద పెట్టి, ముచ్చటపడి అక్కకు చూపించి వచ్చేసరికి దాని మీద మళ్లీ నారింజ పొర! చాచా నవ్వారు. మళ్లీ రుద్దించి, వంట సోడా నీళ్లలో ముంచి, తుడిచి, ఎండలో పెట్టి, వేడి ఆరకముందే నూనె పూయించారు. బ్రేకు డ్రమ్ముల లోపలి వైపు మాత్రం చుక్క నూనె తగలనివ్వలేదు. బండి అడుగు భాగానికి తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ రంగు రెండు పూతలు పడ్డాయి.

కూలి తీసుకున్నారు, బేరమాడనివ్వలేదు. కానీ మూడు ఆదివారాలు పక్కన కూర్చుని నా చేతే చేయించినదానికి లెక్క కట్టలేదు. చాచా, మీకు నా కృతజ్ఞతలు. తొట్టి పోయినా తిట్టని అక్కకు కూడా.

బ్రేకు గొట్టాలు ఇంకా రావాలి, డిక్కీ తాళం కదలడం లేదు. ఆదివారం టీ నేను తెస్తాను.