అద్దె కంటే అడ్వాన్సే అడ్డు
తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అద్దె ఇల్లు దొరక్కపోవడానికి నెలనెలా కట్టే అద్దె కంటే, మొదటి రోజే ఒకేసారి పెట్టాల్సిన సొమ్ము పెద్ద అడ్డంకి. మూడు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె, మధ్యవర్తికి ఇంకో నెల అద్దె అనుకుంటే తాళం చేతికి రావడానికే ఐదు నెలల అద్దె కావాలి. నెలకు అద్దెలో పదో వంతు మిగల్చగలిగే కుటుంబం అంత కూడబెట్టాలంటే నాలుగేళ్లు దాటుతుంది. అందుకే అప్పు చేస్తారు, ఆ వడ్డీ కూడా అద్దెలాగే మీద పడుతుంది. ఇల్లు మారేటప్పుడు ఇంకా కష్టం: కొత్త ఇంటికి ముందే కట్టాలి, పాత ఇంటి అడ్వాన్సు ఖాళీ చేశాక గానీ రాదు, వచ్చినా రంగులకనీ మరమ్మతులకనీ కోతపడుతుంది. చేరిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్చులు, తలుపు గడియల ఫొటోలు తీసి, మీటరు రీడింగు రాసి ఇద్దరూ సంతకం చేసుకోకపోతే ఆ కోతను ప్రశ్నించడానికి ఆధారమే ఉండదు. ఈ పని చాలామంది చేయరు, ఇల్లు దొరికిందే చాలనుకుంటారు. ఇంగ్లాండులో 2007 నుంచి సాధారణ అద్దె ఇళ్ల అడ్వాన్సుకు ప్రభుత్వం గుర్తించిన పథకంలో రక్షణ తప్పనిసరి. ఇక్కడా స్థానిక సంస్థ అడ్వాన్సును తన ఖాతాలో ఉంచుకోవాలి. పేద కుటుంబాల తరఫున యజమానికి తానే హామీ ఇచ్చి, ఆ మొత్తాన్ని అద్దెతోపాటు పది వాయిదాల్లో వసూలు చేసుకోవాలి. ఇల్లు మారితే సొమ్ము నేరుగా కొత్త ఇంటి పేరున బదిలీ కావాలి. కోతపై తగాదా వస్తే, వివాదం లేని భాగాన్ని వెంటనే విడుదల చేయాలి.