హ్యాంగ్ చేసి చూపించమనండి

సంపాదకులకు,

రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ చూసి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేసే ఆటోమేటిక్ పెట్టెల గురించి ఈమధ్య అన్నీ మంచి మాటలే వింటున్నాం. ఆకివీడు చుట్టుపక్కల వాటిని బిగించి, రిపేర్లు చేసే మెకానిక్‌ని. నాదీ ఒక మాట.

అమ్మేవాళ్లు రైతు ముందు ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి, "చూశారా, దానంతటదే లేచింది" అంటారు. కరెంటు పోయి వస్తే లేస్తుందని మాత్రమే దానివల్ల తెలిసేది. అసలు టెన్షన్ పెట్టెలోని కంప్యూటర్ హ్యాంగ్ అవడంతో. నిరుడు వేసవిలో ఒక చెరువు మకాంలో పెట్టె లైటు వెలుగుతూనే ఉంది, స్క్రీన్ మీద డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 5.2 అనే ఉంది. ఆ అంకె రాత్రి పదకొండింటిది! తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలి గట్టు వారకు చేరాయి. కాపలా కుర్రాడు చూసి ఏరేటర్లు చేత్తో వేశాడు కాబట్టి సరిపోయింది.

ఇలాంటప్పుడు రీసెట్ చెయ్యడానికే వాచ్‌డాగ్ టైమర్ ఉంది. గడువులోగా ఏదో ఒక ప్రోగ్రామ్ దాన్ని తాకుతూ ఉండాలి, తాకకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. పెట్టెలో ఉన్నది రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ అయితే, దాని చిప్‌లోనే అది ఉంటుంది, గడువు మహా అయితే 15 సెకన్లు. కానీ ఆన్ చేశారో లేదో ఎలా తెలుస్తుంది?

నేనైతే సింక్ కమాండ్ కొట్టి (డేటా డిస్క్ మీదికి చేరడానికి), లినక్స్‌లో సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ అనే అత్యవసర ఫైల్‌కి 'సి' అక్షరం పంపి, కెర్నల్‌ని, అంటే సిస్టమ్ గుండెకాయనే, కావాలనే కూలుస్తాను. పెట్టె దానంతటదే లేస్తే వాచ్‌డాగ్ ఆన్‌లో ఉన్నట్టు. ముందుగా కెర్నల్ పానిక్ సెట్టింగ్ (కూలాక ఎన్ని సెకన్లకు రీబూట్ అవ్వాలో చెప్పేది) సున్నాలో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే కెర్నల్ తనంతట తనే రీబూట్ అయి, ఆ పేరు వాచ్‌డాగ్‌కి వస్తుంది. ఆ తర్వాత డీఓ చదివే ప్రోగ్రామ్ ఒక్కదాన్నే స్టాప్ సిగ్నల్‌తో ఆపుతాను. పెట్టెలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. వాచ్‌డాగ్‌ని తాకే పని వేరే ప్రోగ్రామ్‌కి అప్పగించి ఉంటారు. అది హాయిగా తాకుతూనే ఉంటుంది, రీడింగ్ మాత్రం కదలదు.

ఇంకోటి. రీసెట్ అయ్యే కాసేపు, ఏరేటర్లను ఆన్ చేసే రిలే స్విచ్ వదిలేస్తుంది. అప్పుడు కూడా ఏరేటర్లు తిరిగేలా ఎన్‌సీ కాంటాక్ట్ (రిలే వదిలినప్పుడు కలిసి ఉండేది) మీద వైరింగ్ చేయించుకోండి.

ఇదంతా పిల్ల వెయ్యకముందే, బిల్లు కట్టకముందే మీ ఎదురుగా జరగాలి. "అలా చేస్తే వారంటీ పోతుందండీ" అన్న ఏజెంటు ఒకాయన నాకు తగిలాడు. ఆ వారంటీ కాగితంలో రొయ్యల ఖరీదు ఎక్కడ రాశారో కూడా ఆయన్నే చూపించమనాలి.

ఇట్లు,
ఒక మెకానిక్, ఆకివీడు