ఐదు రూపాయల రేటు ఒక్కటే తెచ్చుకుంటే ఎలా?

సంపాదకులు గారికి,

పక్క రాష్ట్రాల పథకాలు మనవాళ్లు ఎలా తెచ్చుకున్నారో పోయిన వారం మీ పేపర్లో వేశారు, ఆంధ్రలో ఐదు రూపాయలకి అన్నం పెట్టే అన్న క్యాంటీన్లకి మూలం చెన్నై అమ్మ ఉణవగం, అంటే అమ్మ క్యాంటీన్, అని ఒక్క లైన్లో తేల్చేశారు. పెరంబూరులో ఉండే తెలుగువాణ్ని, ఆ లైను దగ్గరే నాకు మండింది, అందుకే లేటయినా రాస్తున్నా.

2013లో జయలలిత అమ్మ క్యాంటీన్లు మొదలుపెట్టినప్పుడు ఇడ్లీ రూపాయి, సాంబారన్నం ఐదు, పెరుగన్నం మూడు. నడిపేది కార్పొరేషన్, వండి వడ్డించేది స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు, అంటే తినేవాళ్లకి తిండి, వాళ్లకి జీతం. 2015 వరదల్లో ఫ్రీగా పెట్టారు. మనవాళ్లు అదంతా చూసి 2018లో ఐదు రూపాయలకి పెట్టారు, మంచి పనే, కాదనను. కానీ ఆడవాళ్లు అక్కడికక్కడే వండే పద్ధతి వదిలేసి, ఎక్కడో పెద్ద కిచెన్లో వండి వ్యాన్లలో పంపే ఏర్పాటు చేసుకున్నారు. 2019లో ప్రభుత్వం మారింది, అన్నీ మూసేశారు. మళ్లీ తెరిచింది 2024 ఆగస్టు 15న. ఐదేళ్లండీ! కూలికెళ్లేవాడికి, పెద్దాసుపత్రి బయట పడిగాపులు పడేవాళ్లకి ఏ పార్టీ అన్నం అయితే ఏంటి?

ప్రభుత్వం మారినప్పుడు ఇక్కడ చెన్నైలో ఏం జరిగిందో కూడా మీరు రాయాల్సింది. 2021 మేలో డీఎంకే గెలవగానే మొగప్పేర్‌లో ఆ పార్టీవాళ్లు ఒక అమ్మ క్యాంటీన్ బోర్డు పీకేశారు. స్టాలిన్ వాళ్లని పార్టీ నుంచి తీసేసి, కేసు పెట్టించి, జయలలిత బొమ్మ ఉన్న ఆ బోర్డే తిరిగి పెట్టించారు. క్యాంటీన్లు పాతబడ్డాయని 2024 జూలైలో స్వయంగా వెళ్లి చూసి 21 కోట్లు ఇప్పించారు. అరవ రాజకీయాల్లో డీఎంకేకీ జయలలిత పార్టీ అన్నాడీఎంకేకీ వైరం ఎలాంటిదో అందరికీ తెలుసు, అయినా పొయ్యి ఆర్పలేదు. మనవాళ్లు తెచ్చుకోవాల్సింది ముందు అది.

మన దగ్గర పంచాయతీ ఆఫీసులకి కూడా పార్టీ రంగులేశారు, హైకోర్టు చెప్తే గానీ తీయలేదు. హైదరాబాద్‌లో అన్నపూర్ణ క్యాంటీన్లకీ 2025లో పేరు మార్చారు. పెద్ద పెద్ద ఐఏఎస్‌లు ఫైళ్ల మీద సంతకాలు పెడతారు తప్ప, సార్, ఇది జనం తిండి, ఆపొద్దు అని ఒక్కరూ అనరా?

క్యాంటీన్ల ఖర్చు మున్సిపాలిటీ బడ్జెట్‌లో పెట్టి, వంట డ్వాక్రా మహిళలకి ఇవ్వండి. 2029లో ఎవరు గెలిచినా ఇవి మూతపడవు అని ఏ జీవోలో ఉందో మున్సిపల్ మంత్రిగారు మీ పేపర్ ద్వారానే చెప్పాలి.

— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై