ప్రోనోటు అప్పుల గురించి కూడా రాయండి

సంపాదకుడు గారికి,

రుణమాఫీ మీద మీ పేపర్లో వచ్చేవన్నీ చదువుతుంటాను. ఎవరికి మాఫీ అయింది, ఎవరి పేరు జాబితాలో లేదు, ఎవరికి రేషన్ కార్డు దగ్గర ఆగింది, ఇవన్నీ బాగానే రాస్తున్నారు. కానీ 2008లో కేంద్రం చేసినా, 2014లో మన దగ్గర కుటుంబానికి లక్షన్నర అన్నా, 2024లో తెలంగాణలో విడతలుగా 2 లక్షల దాకా తీర్చినా, ప్రతిసారీ పోయింది బ్యాంకు పుస్తకంలో ఉన్న అప్పే. నేను పల్నాడు జిల్లాలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. మా బల్ల మీదకి వచ్చే అప్పుల్లో బ్యాంకువి తక్కువ, ప్రోనోటువి ఎక్కువ. వాటి గురించి ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ నాకు ఒక్క లైను కనపడలేదు, పేపర్లలోనూ ఎవరైనా పురుగుమందు తాగితే తప్ప రాదు.

మిర్చి వేసే కౌలు రైతునే తీసుకోండి. పంట రుణం వడ్డీ 7 శాతం, టైముకి కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఆ రుణం మాత్రం పాస్‌బుక్ ఉన్న ఆసామి పేరు మీద వస్తుంది. దున్నేవాడు రెండు రూపాయలకో మూడు రూపాయలకో బయట తెస్తాడు, అంటే ఏడాదికి 24, 36 శాతం. పీఎం కిసాన్ భూమి పేరున ఉన్నవాళ్ళకే. 2011లో రుణ అర్హత కార్డులన్నారు, 2019లో చట్టం మార్చి 11 నెలల సాగుదారు కార్డు అన్నారు, దానికి ఆసామి సంతకం కావాలన్నారు. సంతకం పెడితే రేపు పొలం తనదంటాడేమోనని ఆసామి భయం, గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలుకి ఇవ్వడేమోనని ఇతని భయం. ఇక కార్డు ఎక్కడిది? ధర పడిపోయిన ఏడాది కౌలు కట్టాలన్నా, కూలీలకి ఇవ్వాలన్నా ఇంకో నోటు రాయాల్సిందే.

ప్రోనోటు ముందు వైపు అందరూ చూసిందే, రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం, వడ్డీ దగ్గర ‘నూటికి నెలకు రూ. 2-00’ అని రాత. చేతిలో వసూలు చేసేది మూడో నాలుగో అయినా కాగితం మీద రెండే ఉంటుంది. అసలు కథ వెనక వైపు. నోటుకి కాలపరిమితి మూడేళ్ళు. అది దాటబోతోందనగా అప్పిచ్చినాయన ఇంటికొచ్చి ‘ఏదో ఒక వెయ్యి ఇవ్వరా, మిగతాది చూద్దాంలే’ అని ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. వెయ్యి ఇచ్చి వెనకాల చెల్లు రాసి సంతకం పెట్టగానే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలు. ఆ వెయ్యి వడ్డీలో కలుస్తుంది, అసలు కదలదు. తెలిసి పెడితే పెట్టనివ్వండి, ఇచ్చిన డబ్బు ఇవ్వాల్సిందే కదా, ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. కానీ తానేం రాసిస్తున్నాడో తెలియకుండానే చాలామంది పెడుతున్నారు.

ఇంతకన్నా నాకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. ఇంటాయన పోతాడు. దినాలు కాగానే అప్పులవాళ్ళు వస్తారు. పాత నోటు చించేసి, అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు భార్య పేరు మీద రాయించుకుంటారు, పెద్దమనుషులు పక్కనే కూర్చుని ‘పెట్టమ్మా, పోయినోడి ఆత్మ శాంతిస్తుంది’ అంటారు. చట్టం ప్రకారం చనిపోయిన మనిషి బాకీకి ఆయన వదిలిన ఆస్తి వరకే వారసులు జవాబుదారీ. ఆయనకి ఏమీ లేకపోతే ఆవిడ రెక్కల కష్టం మీద ఆ అప్పు పడదు. కొత్త నోటు రాసిన నిమిషం నుంచి మాత్రం అది ఆవిడ సొంత అప్పు. మొన్న ఒకావిడ వచ్చి, ‘అన్నయ్యా, సమన్లు వచ్చినయ్, నన్ను జైల్లో పెడతారా?’ అని అడిగింది. లేదమ్మా, డబ్బు కట్టమని కోర్టు ఇచ్చే డిక్రీకి ఆడవాళ్ళని అరెస్టు చెయ్యకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది అని చెబితే, నేను ధైర్యానికి అంటున్నానేమో అన్నట్టు చూసింది. మగవాళ్ళ విషయంలో కూడా కట్టే స్తోమత ఉండి ఎగ్గొడితేనే గానీ, కేవలం లేక కట్టలేని మనిషిని జైలుకి పంపకూడదని 1980లోనే జస్టిస్ కృష్ణయ్యర్ జాలీ జార్జ్ వర్గీస్ కేసులో తీర్పు ఇచ్చారు. జప్తుకి కోర్టు అమీనా వచ్చినా వంటపాత్రలు, బట్టలు, వ్యవసాయం చేసేవాడి పనిముట్లు, పశువులు, విత్తనాలు, అతను ఉంటున్న ఇల్లు జప్తు చెయ్యడానికి లేదు (ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పయితే వేరే సంగతి). ఇవేవీ తెలియక జనం సమన్లు రాగానే కోర్టుకి వెళ్ళడమే మానేస్తారు, వాళ్ళ మాట వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది. దాన్ని తీసేయించుకోవడానికి 30 రోజులే గడువు.

ప్లీడరు ఫీజు ఎక్కడ తెస్తామంటారు. ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ, వికలాంగులకీ ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరుని పెడుతుంది, మిగతావాళ్ళకి ఆదాయ పరిమితి ఉంది. 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. ప్లీడరు గుమాస్తా ఈ నంబరు ఇస్తున్నాడేంటని మా వాళ్ళే నవ్వుతారు, నవ్వనివ్వండి.

గ్రూపు లోన్ల వాళ్ళకీ, ఫోన్ యాప్ వాళ్ళకీ రిజర్వు బ్యాంకు రూల్సు ఉన్నాయి. మైక్రోఫైనాన్స్ మనిషి పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకి ఫోన్ చెయ్యకూడదు. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటేలా లోను ఇవ్వకూడదు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు, 14448లో వివరాలు చెబుతారు. అయితే ప్రోనోటు మీద అప్పిచ్చినాయనకి రిజర్వు బ్యాంకూ లేదు, టైమూ లేదు. ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ముసలావిడ చేతిలో పింఛను పెట్టి పోగానే వీధి చివర నిలబడి ఉండేది ఆయనే.

అసలు కట్టలేని స్థితికి వచ్చినవాళ్ళకి దారి ఏంటి? ఐపీ, అంటే కోర్టులో దివాలా పిటిషన్, పెట్టడమంటే మన వైపు పరువు తక్కువ పని, చిట్టీలు ఎత్తేసిన వాళ్ళు చేసేది అనుకుంటాం. 1920 నాటి ఆ దివాలా చట్టం మామూలు మనిషికి కూడా ఉంది. ఉన్నది కోర్టుకి ఒప్పజెప్పి, అరెస్టు నుంచి రక్షణ అడిగి, చివరికి మిగతా బాకీ నుంచి విడుదల కోరవచ్చు. తాకట్టు అప్పు దీనితో పోదు, ఆస్తి దాచి వేస్తే అసలుకే ఎసరు. పైగా వాయిదాల మీద వాయిదాలు పడతాయి, రోజు కూలీకి వెళ్ళేవాడు ఎన్ని వాయిదాలకి తిరుగుతాడు?

ఇలాంటి వాళ్ళ కోసమే 2016 దివాలా చట్టంలో ‘ఫ్రెష్ స్టార్ట్’ అని ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం 60,000 లోపు, ఆస్తులు 20,000 లోపు, అప్పులు 35,000 లోపు ఉండి, సొంతిల్లు లేనివాళ్ళ అప్పు పరిశీలించి కొట్టేయొచ్చు. నెలకి 4,000 పింఛను మీద బతికే, అద్దె గదిలో ఉండే ముసలావిడకి ఏడాదికి వచ్చేది 48,000. 30,000 ప్రోనోటు ఉంటే సరిగ్గా ఆవిడ కోసమే రాసినట్టుంటుంది. చట్టం పాసయింది, కంపెనీల దివాలాకి మాత్రం వెంటనే అమల్లోకి తెచ్చారు. వ్యక్తుల భాగంలో 2019 డిసెంబరులో తెరిచింది కంపెనీలకి హామీ ఉన్నవాళ్ళ వరకే. ఈ పేదవాళ్ళ అధ్యాయం పుస్తకంలోనే పడి ఉంది. వేల కోట్ల బాకీలకి రాయితీలు ఇచ్చే చోట 35,000 దగ్గర ఇంత జాగ్రత్త దేనికో అర్థం కాదు.

ప్రభుత్వం ప్రోనోటు అప్పుని లెక్కలోకి తీసుకునే సందర్భం ఒకటుంది. రైతు ఆత్మహత్య చేసుకుంటే ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ వచ్చి నోట్లు అడిగి చూస్తారు. 2004లో ఇచ్చిన 421 జీవోలో లక్షన్నర సాయం చేస్తే అందులో 50,000 అప్పులవాళ్ళతో సెటిల్‌మెంటుకే పెట్టారు. అంటే అప్పులవాళ్ళని పిలిచి, లెక్క చూసి, తగ్గించి తీర్చే పద్ధతి అధికారులకి తెలియంది కాదు. అదే పని మనిషి బతికుండగా చేస్తే ఏమవుతుంది? కేరళ 2006లోనే రైతుల కోసం రుణ విముక్తి కమిషన్ చట్టం చేసుకుంది. తెలంగాణ 2016లో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తుల వాళ్ళ కోసం చేసింది. మన ప్రభుత్వం ఆ రెండు చట్టాలూ తెప్పించుకుని చదవాలి. ఈలోగా మండలానికి ఒకరోజు ఎవరైనా కూర్చుని నోట్లు చూసి, ఇది కాలపరిమితి దాటింది, ఇది నీ అప్పే కాదు, దీనికి లోక్ అదాలత్‌కి వెళ్ళు అని చెప్పే ఏర్పాటు చేసినా సగం టెన్షన్ తగ్గుతుంది.

మీరు కూడా వారానికి ఒక అరపేజీ దీనికి ఇవ్వండి. జిల్లా పేజీలో జ్యోతిషం పక్కన ఇచ్చినా సరే, అక్కడే ఎక్కువమంది చూస్తారు. ముందుగా మొగుడు పోయిన ఆడవాళ్ళతో కొత్త నోట్లు రాయించుకునే సంగతి రాయండి. నా పేరు మాత్రం వెయ్యొద్దు, అప్పు ఇచ్చేవాళ్ళు కూడా మా ప్లీడరు గారి క్లయింట్లే.

ఇట్లు,
ఒక ప్లీడరు గుమాస్తా,
పల్నాడు జిల్లా