రష్యాకు ఒక న్యాయం, అమెరికాకు ఒక న్యాయమా?

సంపాదకుడు గారికి నమస్కారం.

కిందటి వారం మీ ఆటల పేజీలో వచ్చిన ఫుట్‌బాల్ వ్యాసం చదివినప్పటి నుంచీ మనసు ఊరుకోవడం లేదు. ఆటను ఆటగా చూడాలి, దేశాల తగాదాలు మైదానంలోకి లాగొద్దు అని అభిమానులకు అందులో బుద్ధి చెప్పారు. తగాదాలు లాక్కొచ్చింది మేమా? టికెట్టు కొని, రాత్రంతా మేలుకుని, గెలిస్తే ఎగిరి, ఓడితే అన్నం మానేసే అభిమానులు ఏ దేశానికి వీసా ఆపారు? ఏ జట్టును వెలేశారు? ఆ పనులు చేసినవాళ్ల గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ సాయంత్రమైతే పిల్లలు బంతి పట్టుకుని వస్తారు. మీ వ్యాసం వచ్చిన రోజు వాళ్లలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అడిగాడు: "సార్, రష్యాను ఎత్తేశారు గదా, మరి అమెరికాను ఎందుకు ఎత్తెయ్యలా?" వాడికి ఏం చెప్పాలో మీ వ్యాసకర్తే రాసి పంపాలి.

రష్యా సంగతి అందరికీ తెలుసు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపింది. 28వ తేదీకల్లా ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా, యూరప్ ఫుట్‌బాల్‌ను నడిపే యూఈఎఫ్ఏ రెండూ కలిసి రష్యా జట్లన్నిటినీ సస్పెండ్ చేశాయి. వరల్డ్ కప్ అర్హత తేల్చే ప్లేఆఫ్‌లో రష్యాతో ఆడేది లేదని పోలండ్ అంతకుముందే తెగేసి చెప్పింది. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. పొరుగు దేశం మీద బాంబులేసి, మర్నాడు జెర్సీ తొడుక్కుని జాతీయగీతం పాడతామంటే ఎవరు ఒప్పుకుంటారు? నాలుగు రోజుల్లో ఫిఫాకు అంత పట్టుదల వచ్చిందని నేనూ సంతోషించాను.

ఆ పట్టుదల ఆ తర్వాత ఎక్కడికి పోయింది? 2024 మేలో బ్యాంకాక్‌లో జరిగిన ఫిఫా సర్వసభ్య సమావేశంలో పాలస్తీనా ఫుట్‌బాల్ సంఘం ఇజ్రాయెల్‌ను సస్పెండ్ చేయమని కోరింది. నాలుగు రోజుల మాట అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. న్యాయ సలహా అన్నారు, విచారణ అన్నారు, కాగితం ఒక కమిటీ నుంచి ఇంకో కమిటీకి తిరిగింది. పాలస్తీనా జట్టు మాత్రం సొంతగడ్డ మీద ఆడే దారిలేక దోహాలో, కువైట్‌లో, అమ్మాన్‌లో తన 'హోమ్' మ్యాచ్‌లు ఆడుకుంటోంది.

ఇక అమెరికా. 2025 జూన్‌లో ఇరాన్ అణుకేంద్రాల మీద బాంబులు వేసింది. ఆ ఇరాన్ అప్పటికే 2026 వరల్డ్ కప్‌కు అర్హత సాధించిన జట్టు. వరల్డ్ కప్ జరిపే మూడు దేశాల్లో అమెరికా ఒకటి. డిసెంబర్ 5న వాషింగ్టన్‌లో ఏ జట్టు ఏ గ్రూపులో ఆడాలో తేల్చే డ్రా తీశారు. ఆ వేదిక మీదే ఫిఫా కొత్తగా ఒక శాంతి బహుమతి పుట్టించి, మొట్టమొదటిది ట్రంప్‌కు ఇచ్చింది. ఆ డ్రాకు రావలసిన ఇరాన్ ప్రతినిధుల్లో కొందరికి, వాళ్ల సంఘం అధ్యక్షుడితో సహా, అమెరికా వీసా ఇవ్వలేదు. ఆటలో రాజకీయాలు లేవని ఇంకా నన్ను నమ్మమంటారా?

హైతీ పేరు మీ వ్యాసంలో లేదు, అందుకే నేను చెప్పాలి. 1974 తర్వాత 52 ఏళ్లకు ఆ చిన్న దేశం మళ్లీ వరల్డ్ కప్‌కు వచ్చింది. సొంత రాజధాని చాలాభాగం సాయుధ ముఠాల చేతిలో ఉంది, అక్కడ ఒక్క మ్యాచ్ ఆడే వీల్లేదు. క్వాలిఫయింగ్ చివరి దశలో సొంత మ్యాచ్‌లు కరీబియన్ దీవి కురసావ్‌కు పోయి ఆడి అర్హత సాధించారు. అంత కష్టపడి వచ్చిన జట్టుకు బ్రెజిల్ ఉన్న గ్రూపు దొరికింది. బ్రెజిల్‌తో తమ జట్టు తలపడుతుంటే చూడాలని ఏ హైతీవాడికి ఉండదు? 2025 జూన్‌లో అమెరికా పెట్టిన ప్రయాణ నిషేధంలో హైతీ ఉంది, ఇరాన్ ఉంది. ఆటగాళ్లకు, కోచ్‌లకు మినహాయింపు ఇచ్చారు. అభిమానులకు ఇవ్వలేదు. అభిమానుల పక్షాన మాట్లాడేవాడు ఒక్కడూ లేడు, అది నాకు కడుపు రగిలించే విషయం.

ఫిఫా వైఖరి ఈనాటిది కాదు. 1973 సెప్టెంబర్‌లో చిలీలో సైన్యం అధికారం లాక్కుంది. శాంటియాగోలోని జాతీయ స్టేడియాన్ని నిర్బంధ శిబిరం చేసి, వేలమందిని పెట్టి, చిత్రహింసలు పెట్టి, కొందరిని చంపారు. ఆ స్టేడియంలోనే సోవియట్ యూనియన్‌తో చిలీ వరల్డ్ కప్ ప్లేఆఫ్ రెండో మ్యాచ్ జరగాలి. మొదటిది మాస్కోలో గోల్ లేకుండా డ్రా అయింది. ఆ గడ్డ మీద ఆడబోమని సోవియట్ జట్టు చెప్పింది. ఫిఫా తరఫున మనుషులొచ్చి స్టేడియం చూసి, మ్యాచ్‌కు అడ్డేమీ లేదని రిపోర్టు రాసిచ్చారు. నవంబర్ 21న చిలీ ఆటగాళ్లు పదకొండు మందీ గ్రౌండులోకి దిగారు. ఎదురుగా జట్టే లేదు. రిఫరీ విజిల్ వేశాడు. ఒకరికొకరు పాస్ ఇచ్చుకుంటూ నడిచిపోయి, గోల్‌కీపర్ లేని గోల్‌లోకి బంతి తన్నారు. చిలీ వరల్డ్ కప్‌కు వెళ్లింది. మీ వ్యాసకర్త చెప్పే 'ఆటను ఆటగా చూడటం' అంటే ఆ రోజు శాంటియాగోలో జరిగిందే అయితే, అలాంటి ఆట నాకొద్దు.

ఇదంతా ఎక్కడి గొడవో, నెల్లూరోళ్లకెందుకు అనేవాళ్లు ఉంటారు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఇందుకూరుపేట నుంచి కొత్తపట్నం దాకా రొయ్యల చెరువుల గట్ల మీద జనం ఏం మాట్లాడుకున్నారో గుర్తు చేసుకోండి. వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్య) రేటు వాషింగ్టన్‌లో తేలుతుందని మన రైతుకు అర్థమైంది. ఫుట్‌బాల్ అభిమానికి మాత్రం ఆ సంగతులు పట్టకూడదా? ఖతార్ స్టేడియాలు కట్టిన కూలీల్లో తెలుగువాళ్లున్నారు. 2022లో టోర్నమెంటు మొదలయ్యేముందు ఫిఫా 32 జట్లకూ ఉత్తరం రాసింది, ఇక ఫుట్‌బాల్ మీద దృష్టి పెట్టండని. అచ్చంగా మీ వ్యాసంలోని మాట. తర్వాత ఖతార్ నిర్వాహకుల పెద్దే, వరల్డ్ కప్ పనుల్లో చనిపోయిన కూలీలు 400 నుంచి 500 మంది ఉంటారని టీవీలో ఒప్పుకున్నాడు.

మన దేశపు ఫుట్‌బాల్‌నే తీసుకోండి. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు ఇండోనేషియా ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. మన దేశం నుంచి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో ఉన్న సోంధీ గారు దాన్ని తప్పుపట్టారు. ఆ కోపమంతా మన ఆటగాళ్ల మీద పడింది. ఫైనల్లో లక్షమంది దాకా ఉన్న జనం మన జాతీయగీతానికి కూడా గోల చేశారు. హైదరాబాదు కోచ్ రహీం గారి జట్టు, సికింద్రాబాద్ బలరాం లాంటి మనవాళ్లున్న జట్టు, ఆ గోల మధ్యే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ రహీం గారు మరుసటి ఏడే క్యాన్సర్‌తో పోయారు. ఆయన పేరు మీ పేజీలో చూసి ఎన్నాళ్లయింది? 1964 ఆసియా కప్‌లో మనం రెండో స్థానంలో నిలిచామని గొప్పగా చెప్పుకుంటాం. ఇజ్రాయెల్‌లో జరిగిన ఆ పోటీకి అరబ్ దేశాలతో పాటు చాలా జట్లు రాలేదన్నది కూడా చెప్పుకోవాలి.

2022 ఆగస్టులో ఫిఫా మన సమాఖ్యనే సస్పెండ్ చేసింది. కారణం, సుప్రీంకోర్టు వేసిన పాలక కమిటీ చేతిలో సమాఖ్య ఉండటం. అప్పటికే ఆసియా క్లబ్ పోటీ కోసం తాష్కెంట్‌లో దిగిన గోకులం కేరళ అమ్మాయిలు ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చారు. పదవుల కోసం పెద్దలు సమాఖ్య ఎన్నికలు ఆలస్యం చేస్తే శిక్ష ఆ అమ్మాయిలకు. సస్పెన్షన్ పదిహేను రోజుల్లోపే ఎత్తేశారు, వాళ్లు పోగొట్టుకున్న పోటీని ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. 2023 జూన్‌లో బెంగళూరులో జరిగిన దక్షిణాసియా దేశాల శాఫ్ పోటీకి పాకిస్తాన్ జట్టుకు వీసాలు ఆలస్యమై, మ్యాచ్ రోజే దిగి, ఆ సాయంత్రమే మనతో ఆడింది. మనం 4-0తో గెలిచాం, ఛెత్రీ హ్యాట్రిక్ కొట్టాడు. గెలుపు గెలుపే, కానీ నిద్రలేని జట్టును ఓడించి పండగ చేసుకోవడం నాకు చేతకాలేదు.

ఇక మా ఊరి మాట. పిల్లలు ఆడుకునే గ్రౌండులో పెద్దనాయకుడెవరో వస్తున్నారని హెలిప్యాడ్ వేశారు. పచ్చిక మీద కంకర పోసి సిమెంటు గచ్చు చేశారు. హెలికాప్టర్ వచ్చింది, పోయింది. గచ్చు మాత్రం పెనాల్టీ బాక్సు దగ్గర అట్నే ఉంది. తర్వాత ఎగ్జిబిషన్ వాళ్లు రేకులు పాతారు. వాళ్లు వదిలిపెట్టిన మేకు ఒక పిల్లాడి మడమలో దిగింది, కట్టు కట్టించుకొచ్చింది నేనే. అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. గ్రౌండు మాది కాదని ఒకరు, మంజూరు మా చేతిలో లేదని ఇంకొకరు. ఒకప్పుడు జిల్లా స్కూలు పోటీలంటే ఫుట్‌బాల్‌కు మండలాల నుంచి జట్లు లారీలెక్కి వచ్చేవి. ఇప్పుడు క్రికెట్ పందేల మాట తప్ప ఏ టీకొట్టు దగ్గరా ఆట మాట వినపడదు, వాటి మీద పోలీసులకూ పట్టింపు లేదు.

మిమ్మల్ని అడిగేది రెండే. వరల్డ్ కప్ రోజుల్లో మ్యాచులు మనకు అర్ధరాత్రి దాటాక, తెల్లారగట్ల వస్తాయి. ఫలితాలు ఒకరోజు ఆలస్యమైనా పూర్తిగా వేయండి. ఏ దేశం అభిమానులను గేటు బయట ఆపారో, ఆపింది ఎవరో అదే పేజీలో రాయండి. రెండోది, మీ ఫొటోగ్రాఫర్‌ను ఒక సాయంత్రం మా గ్రౌండుకు పంపండి. గచ్చు చూపించడానికి నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
మూలాపేట, నెల్లూరు.