మన మంచుకు మేకుల టైరు పనికిరాదు

సంపాదకుల వారికి నమస్కారం.

ధనుర్మాసంలో తెల్లవారకముందే సైకిలెక్కేవాళ్లు మన డెల్టాలో చాలామందే ఉన్నారు: పాలు పోసేవాళ్లు, చెరువుల్లో మేత వేయడానికి పోయేవాళ్లు, ట్యూషన్లకు వెళ్లే పిల్లలు. కాలవగట్ల మీద జారి పడేదీ వీళ్లే. దీనికి విరుగుడుగా స్టడ్ టైర్లు, అంటే రబ్బరులో మేకులు దిగేసిన టైర్లు, ఆన్‌లైన్‌లో తెప్పించుకుందామా అని అడిగేవాళ్లకు సైకిలు మెకానిక్కులుగా మేం చెప్పేది ఒక్కటే: వద్దు. టైరులో లోపమేమీ లేదు. అది వేరే మంచు కోసం పుట్టిన టైరు.

తెలుగులో మాట ఒక్కటే కావడంతో వచ్చిన తికమక ఇది. గడ్డి మీద తడిగా పడేదీ మంచే, ఎదుటి మనిషిని కనపడనివ్వనిదీ మంచే, ఫిన్లాండులో రోడ్డు మీద రాయిలా గడ్డకట్టేదీ మంచే. స్టడ్ టైరు ఆ మూడోదానికి. దాని మేకు మొన టంగ్‌స్టన్ కార్బైడు. రబ్బరు పైకి సుమారు ఒక మిల్లీమీటరు పొడుచుకొని ఉంటుంది. రకాన్ని బట్టి టైరుకు వంద నుంచి నాలుగొందల దాకా మేకులుంటాయి. మనిషి బరువుకు అవి గడ్డలోకి దిగి పట్టు ఇస్తాయి. మన దగ్గర దిగడానికి గడ్డ ఏది? మంచుకు తడిసిన సిమెంటు రోడ్డు మీదా, లాకుల దగ్గర ఇనుప రేకుల మీదా మేకు దిగదు, పైగా రబ్బరును పూర్తిగా ఆననివ్వదు. పట్టు పెరగకపోగా తగ్గుతుంది. రేగడి బురదలోనైతే మిల్లీమీటరు మేకు ఉన్నా లేనట్టే. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీంచి పోతే గింజ నలుగుతుంది, బరకం చిరుగుతుంది.

కొలత కూడా కుదరదు. చలిదేశాల్లో 28 అంగుళాలని అమ్మే స్టడ్ టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు. మన పాతకాలపు పెద్ద సైకిలు 28×1½ రిమ్ముది 635. ఎంత లాగినా ఎక్కదు. 26 అంగుళాల్లోనూ ఇదే తిరకాసు: గేర్ల సైకిలుది 559, లేడీస్ సైకిలు 26×1⅜ది 590. ఏ టైరు కొన్నా పక్కగోడ మీద ఉండే ఈ మూడంకెల సంఖ్య చూసి కొనండి, అంగుళాలను నమ్మొద్దు.

లోపలి నుంచి మరలు (స్క్రూలు) దిగగొట్టి ఇంట్లోనే మేకుల టైరు చేసుకోవడం ఇంకా ప్రమాదం. మామూలు ఇనుప మర తారు మీద త్వరగా మొద్దుబారుతుంది, దాని తల ట్యూబును కోస్తుంది.

చదువుకని ఫిన్లాండు, కెనడా వెళ్లిన మన పిల్లలకు మాత్రం ఈ టైరు కొనుక్కోమనే చెబుతాం. ఒక్కటే కొనగలిగితే ముందు చక్రానికి వేయించుకోవాలి. వెనక చక్రం జారితే నిలదొక్కుకోవచ్చు, ముందుది జారితే పడటమే. కొత్త టైరుతో మొదటి 40 కిలోమీటర్లు గట్టి బ్రేకు వేయకుండా తారు మీద తొక్కితే మేకులు రబ్బరులో కుదురుకుంటాయి, లేకపోతే ఊడిపోతాయి. గడ్డ మీద గాలి కాస్త తగ్గించాలి, అప్పుడే పక్క వరస మేకులు కూడా నేలను తాకుతాయి.

ఇక మన సంగతి. కాలవ పూడిక తీసి గట్టు మీద పోసిన ఒండ్రే చాలాచోట్ల దారి అయింది. అది తడిస్తే సబ్బే. దానికి కావలసింది బొడిపెలు దూరదూరంగా ఉన్న బటన్ టైరు. బొడిపెలు దగ్గర దగ్గరగా ఉంటే బురద ఇరుక్కుని నాలుగు గజాల్లో గుండు టైరుతో సమానమవుతుంది. ముందు చక్రంలో గాలి కొంచెం తగ్గించండి: సీటు మీద కూర్చున్నప్పుడు 38 మిల్లీమీటర్ల టైరు అయిదారు మిల్లీమీటర్లు అణగాలి. వెనక నలభై లీటర్ల పాల క్యాన్లు కట్టేవాళ్లు వెనక గాలి తగ్గించకూడదు. గుంటలో రిమ్ము తగిలి ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఇలాంటి జంట చిల్లు కనిపిస్తే ముల్లు కోసం వెతకక్కర్లేదు, గాలి చాలలేదన్నమాట.

మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. అంతకంటే తక్కువుంటే రేగడి మట్టి అందులో ముద్దకట్టి చక్రాన్ని పట్టేస్తుంది. గట్టు దిగేటప్పుడు ముందు చక్రం అలా పట్టేస్తే మనిషి హ్యాండిల్ మీంచి కాలవలోనే పడతాడు. అందుకే మేం దీన్ని అన్నిటికంటే ముందు చూస్తాం.

ఇనుప రిమ్ము తడిస్తే రాడ్ బ్రేకు సరిగా పట్టదు. ఆగాల్సిన చోటికి చాలా ముందే బ్రేకు మెల్లగా ఆనించి రెండు మూడు చుట్లు తిరగనిస్తే రిమ్ము మీది నీళ్లు తుడుచుకుపోతాయి, ఆ తరవాత గట్టిగా పట్టాలి. బ్రేకు రబ్బర్లలో ఇసుక రేణువులు దిగితే పాత బ్లేడుతో గీకేయండి. ఉప్పునీటి రొయ్యల చెరువుల వైపు తిరిగే సైకిలును రోజూ మంచినీళ్లతో కడగాలి. స్పోక్స్ తుప్పు మొదట రిమ్ములో దిగే మొన దగ్గరే పట్టి, లోపలే తినేస్తుంది. కడిగాక చైనుకు నూనె చుక్కలు మరవొద్దు.

టైరుతో తీరనిది ఒకటుంది. కోతల రోజుల్లో చేలోంచి వచ్చే ట్రాక్టర్ల చక్రాల మట్టి తారు రోడ్డు మీద పరుచుకుంటుంది. మధ్యాహ్నానికి ఎండి పొడి అవుతుంది కనుక ఎవరూ పట్టించుకోరు. రాత్రి మంచుకు ఆ పొడి మళ్లీ జిగురవుతుంది, తెల్లారి సైకిళ్లు జారేది దాని మీదే. తడిగా ఉండగానే ట్రాక్టరు తోలేవాళ్లు పారతో గీకేస్తే పది నిమిషాల పని. చేలోంచి పుంత (బండ్ల దారి) రోడ్డెక్కే ప్రతిచోటా పది గజాల మేర కంకర పోయించమని పంచాయతీలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. చక్రాల మట్టి చాలావరకు ఆ కంకర మీదే రాలిపోతుంది.

ఇట్లు,
కొందరు సైకిలు మెకానిక్కులు,
అమలాపురం