వాచిన మోకాలికి నొప్పి సూది కంటే ముందు కీలు నీటి పరీక్ష: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను.

మా వైపు మోకాలో చీలమండో ఒక్కటే వాచి, ముట్టుకుంటే కాలిపోతుంటే జనం ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి నొప్పి సూది వేయించుకుంటారు. తగ్గకపోతే మెడికల్ షాపు మాత్రలు. ఆ తర్వాత ఎక్స్‌రే, యూరిక్ యాసిడ్ పరీక్ష. అది ఎక్కువుంటే గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరి వచ్చే వాపు) అని తేల్చేస్తారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో ఈ పద్ధతి మరీ ప్రమాదం. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు గౌట్ లేకపోయినా యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. అసలు గౌట్ ఉన్నవాళ్లకేమో, నొప్పి ఉధృతంగా ఉన్న రోజుల్లోనే అది మామూలుగా కనిపించవచ్చు.

వాపు ఎందుకొచ్చిందో చెప్పేది కీలులో చేరిన నీరు. డాక్టరు గారు సూదితో తీసిన నీటిని సన్నటి గాజు ట్యూబులో పోసి, వెనక పేపరు పెట్టి చూసేవాళ్లం. అక్షరాలు చదవగలిగితే అరుగుదల కావచ్చు. మసకబారితే లోపల మంట ఉన్నట్టు. మైక్రోస్కోపు కింద సూదుల్లాంటి స్ఫటికాలు కనబడితే గౌట్. తెల్లకణాలు మైక్రోలీటరుకు 50,000 దాటితే చీము పట్టిందని గట్టిగా అనుమానించాలి. తక్కువున్నంత మాత్రాన చీము లేదనడానికి లేదు, స్ఫటికాలున్న కీలులోనూ చీము ఉండొచ్చు. అందుకే కల్చర్ (ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్ష) తప్పనిసరి. నెలల తరబడి ఒక్క కీలే వాచి ఉంటే టీబీ కోసం కూడా వెతకాలి.

చీము పట్టిన కీలులో మృదులాస్థి కొద్ది రోజుల్లోనే పాడైపోతుంది. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ తెలియదు, కొందరికి జ్వరం కూడా ఉండదు. పలాసలో పీట మీద కూర్చుని జీడిపిక్కలు ఒలిచే ఒకావిడకు ఇలాగే నొప్పి సూదుల మీద సూదులు వేశారు, పైగా మోకాల్లోకే స్టెరాయిడ్ ఎక్కించారు. విశాఖ వెళ్లేసరికి లోపలంతా చీము. ప్రాణం దక్కింది గానీ ఇప్పుడావిడ మోకాలు మడవలేదు. పీట మీద కూర్చోలేని మనిషికి ఆ పని ఎవరిస్తారు సార్?

డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. గౌట్‌కి ఇచ్చే కోల్చిసిన్ కూడా కిడ్నీ జబ్బున్నవాళ్లకు డోసు తగ్గించి ఇవ్వాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ఇవేవీ రాయకూడదు.

నేను అడిగేది కొత్త భవనం కాదు. కఫం పరీక్ష చేసే మైక్రోస్కోపులు మన సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉన్నాయి. సూక్ష్మజీవులు కనబడేలా చేసే గ్రామ్ స్టెయిన్‌కి కావాల్సిన రంగులు ఖరీదైనవి కావు. నీరు తీయడంలో అక్కడి డాక్టర్లకు శిక్షణ ఇప్పించండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే శాంపిల్ తీసి, అదే రోజు కల్చర్‌కి పంపే ఏర్పాటు చేయండి. 2023లో పలాసలో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రిలో స్ఫటికాలు గుర్తించే పోలరైజింగ్ మైక్రోస్కోపు ఉండేలా చూడండి. ఒక్క కీలు వేడిగా వాచి వచ్చినవాళ్లకు, చీము లేదని తేలేదాకా కీలులోకి స్టెరాయిడ్ సూది వేయొద్దని జిల్లాలోని ఆసుపత్రులన్నిటికీ లిఖితపూర్వకంగా ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా